చికిత్స ముగిసిన తర్వాతి ఏడాది: బ్లడ్ క్యాన్సర్ నుంచి కోలుకునేవారికి మనం ఇవ్వగల తోడు

మన ఊళ్లో ఎవరికైనా బ్లడ్ క్యాన్సర్ అని తెలిస్తే సాయం చేసే చేతులు వెంటనే ముందుకు వస్తాయి. ఒకరు రక్తం ఇస్తారు. ఒకరు ప్లేట్‌లెట్ల కోసం హైదరాబాదులో తెలిసినవారికి ఫోన్ చేస్తారు. ఒకరు మందుల బిల్లు కడతారు. ఇంకొకరు ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు అన్నం పెట్టి బడికి పంపుతారు. ఈ సంచిక చదువుతున్న దాతల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ పనుల్లో ఏదో ఒకటి చేసినవారే. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

"చికిత్స పూర్తయింది, ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అని డాక్టరు చెప్పిన రోజున అందరం తేలికపడతాం. మన సాయం కూడా మామూలుగా అక్కడితో ఆగుతుంది. రోగి ఇంటికి వస్తాడు. చూడడానికి వచ్చేవాళ్లు తగ్గుతారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పక్కనే ఉన్న నర్సు ఇక్కడ ఉండదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టదు, చిన్న జ్వరం వచ్చినా మళ్లీ మొదలైందేమోనని గుండెదడ. "మందులన్నీ అయిపోయాయి కదా, ఇంకా పడుకోవడమేమిటి?" అని ఇంట్లోవాళ్లు ప్రేమగానే అన్నా ఆ మాట గుచ్చుకుంటుంది.

ఈ వ్యాసం చికిత్స తర్వాత వచ్చే ఆ ఏడాది గురించి. ఆ ఏడాదిలో రోగికి రెండు సాధనలు కావాలి. ఒకటి ఒంటిని మెల్లమెల్లగా మళ్లీ కదలికకు అలవాటు చేయడం. రెండోది భయాన్ని, అలసటను, నిద్రలేమిని తట్టుకునే పద్ధతులు నేర్చుకోవడం. ఈ రెండూ నేర్పడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. వారం వారం పలకరించి, లెక్క అడిగి, ధైర్యం చెప్పే ఒక మనిషి తోడు కావాలి. నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుడిని, వైద్యుడిని కాను. ఇక్కడ రాసినదంతా రోగి తన డాక్టరును అడిగి మొదలుపెట్టవలసినదే.

పేరు ఒకటే, జబ్బులు వేరు

మనం బ్లడ్ క్యాన్సర్ అని ఒకే మాటతో పిలిచేది నిజానికి ఒక జబ్బుల కుటుంబం. ఎముక మజ్జలో తయారయ్యే రక్తకణాలు అదుపు తప్పి పెరిగితే ల్యుకేమియా. శోషరస గ్రంథులలో వచ్చేది లింఫోమా. ప్లాస్మా కణాలలో పుట్టి ఎముకలను గుల్ల చేసేది మల్టిపుల్ మైలోమా.

దాతలు ఈ తేడా తెలుసుకోవడం అవసరం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు చికిత్స సుమారు రెండు నుంచి రెండున్నర ఏళ్లు సాగుతుంది. అందులో ఎక్కువ కాలం ఇంటి దగ్గరే ఉండి మాత్రలు మింగే దశ. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా వచ్చినవారు ఇమాటినిబ్ వంటి మాత్ర రోజూ, ఏళ్ల తరబడి వేసుకోవాలి. లింఫోమా వారికి చాలాసార్లు కొన్ని నెలల్లో కీమోథెరపీ ముగుస్తుంది. మైలోమా వారు చికిత్స తర్వాత కూడా మందులు కొనసాగిస్తూ ఉంటారు. కాబట్టి "చికిత్స తర్వాత" అనే మాట ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో మొదలవుతుంది. కొందరి విషయంలో మందు, కోలుకోవడం రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

బతికించిన మందులు, అవి మిగిల్చిన భారం

ఈ జబ్బుల మీద గెలుపులో తెలుగువారి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందే లేదు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించారు. ఆ మందుకు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. ఇప్పుడు సంపన్న దేశాల్లో ఈ రకం ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో పదికి సుమారు తొమ్మిది మంది బతుకుతున్నారు.

మరో ఉదాహరణ ఇమాటినిబ్. ఆ మందు గ్లివెక్ అనే పేరుతో నెలకు లక్ష రూపాయలకు పైగా పలికే రోజుల్లో హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి కంపెనీలు దాని జెనరిక్ రూపాన్ని అందులో చిన్న వంతు ధరకు అమ్మాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీకి ఆ పేటెంటు దక్కదని తీర్పు చెప్పడంతో పేదవారికి ఆ మందు అందుబాటులో నిలిచింది.

చికిత్స చేసే చోట్లు కూడా మనకు తెలిసినవే. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు ఉంది. ఎంఎన్‌జె అంటే ఆయన పేరే. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని ఏడాదికి పది లక్షల రూపాయలకు పెంచారు. అంటే ఆసుపత్రి ఖర్చుకు ఒక దారి ఏర్పడింది. ఇంటికి వచ్చిన తర్వాత నడిపించేవారు, ధైర్యం చెప్పేవారు మాత్రం ఏ కార్డులోనూ రారు.

బతికించిన ఆ మందులే ఒంటి మీద కొన్ని గుర్తులు వదిలి వెళతాయి. విన్‌క్రిస్టిన్ వంటి మందులు నరాలను దెబ్బతీసి అరికాళ్లలో తిమ్మిరి, మంట కలిగిస్తాయి. స్టెరాయిడ్లు తొడల కండను కరిగిస్తాయి. కొందరిలో తుంటి ఎముకకు రక్తప్రసరణ తగ్గి నొప్పి మొదలవుతుంది. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ వంటి మందులు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. రక్తహీనత ఉంటే చిన్న పనికే ఆయాసం వస్తుంది. నెలల తరబడి మంచం మీద ఉన్నందువల్ల వచ్చే నీరసం వీటన్నిటికీ తోడవుతుంది.

ఈ అలసట మామూలు అలసట కాదు

మిర్చి తోటలో రోజంతా కాయ కోసి వచ్చిన మనిషి అలసిపోతాడు. అన్నం తిని రాత్రి పడుకుంటే తెల్లారేసరికి మళ్లీ పనికి సిద్ధం. క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే అలసట అలా పోదు. ఎంత పడుకున్నా తీరదు. ఏ పనీ చేయకముందే ఒళ్లు బరువుగా ఉంటుంది. ఆలోచన మందగిస్తుంది, మాట మధ్యలో మరిచిపోతారు. ఇది చికిత్స తర్వాత నెలలు, కొందరిలో ఏళ్ల పాటు ఉండవచ్చు.

ఇక్కడే ఒక విషవలయం ఏర్పడుతుంది. అలసటగా ఉందని పడుకుంటారు. పడుకున్నకొద్దీ కండ తగ్గుతుంది. కండ తగ్గినకొద్దీ చిన్న పనికే అలసట పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో "నువ్వు లేవకు, మేం చేస్తాం" అని గ్లాసు నీళ్లు కూడా చేతికి అందిస్తారు. విశ్రాంతి అవసరమే. కానీ రోజంతా విశ్రాంతి అయితే అది జబ్బుకు సాయపడుతుంది. ఈ వలయాన్ని తెంచే మార్గాల్లో అన్నిటికంటే నమ్మదగినది కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే శారీరక శ్రమ.

అలసట అంతా ఒకటే అనుకోవడం కూడా ప్రమాదం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, గుండె బలహీనత, నిద్రలేమి, మనోవ్యాకులత వీటిలో ఏది ఉన్నా అలసట వస్తుంది. వీటికి వేర్వేరు వైద్యాలు ఉన్నాయి. అందుకే వ్యాయామానికి ముందు డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పెద్దవారికి వ్యాయామం వల్ల ఏం లాభమో చూడడానికి కాక్రేన్ సంస్థ 2019లో 18 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. వాటిలో 1,892 మంది పాల్గొన్నారు. మామూలు వైద్యంతో పాటు నడక వంటి వ్యాయామం చేసినవారిలో అలసట, మనోవ్యాకులత తగ్గే అవకాశం కనిపించింది. వ్యాయామం వల్ల ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఆ పరిశీలనలో తేలలేదు. ఈ రెండో మాట కూడా రోగికి నిజాయితీగా చెప్పాలి. నడక జబ్బును నయం చేయదు. నయం చేసే పని మందులది. మిగిలిన బతుకును తేలికగా మోసేందుకు నడక ఉపయోగపడుతుంది.

అదే ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు అన్ని రకాల క్యాన్సర్ల వారికి ఒక కొలత సూచించారు. వారానికి మూడు సార్లు, ప్రతిసారి అరగంట చొప్పున ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం. దానితో పాటు వారానికి రెండు సార్లు కండకు బలమిచ్చే వ్యాయామం. అలసట, ఆందోళన, దిగులు తగ్గడానికి, రోజువారీ పనులు చేసుకోగలగడానికి ఇంత శ్రమ ఉపయోగపడుతుందని వారు తేల్చారు.

మనసును తట్టుకునేలా తయారుచేసే శిక్షణను, శరీర శ్రమను కలిపి నేర్పే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎముక మజ్జ మూలకణాల మార్పిడి చేయించుకున్నవారికి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక వీడియో కాల్ ద్వారా నొప్పిని, అలసటను తట్టుకునే పద్ధతులు నేర్పుతూ వచ్చారు. అక్కడ ఆసుపత్రికి దూరంగా ఉండే రోగులకు ఫోన్ దారి అయింది. ఇది మనకు బాగా అర్థమవుతుంది. డోర్నకల్ నుంచి సికింద్రాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. వారానికోసారి వెళ్లి సలహా తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఫోన్ అయితే ప్రతి ఇంట్లో ఉంది.

నడక ఎలా మొదలుపెట్టాలి?

బడిలో ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరాలు దిద్దించకుండా పద్యం అప్పగించమనం. ఇక్కడా అంతే. మొదటి రెండు వారాలు ఉదయం ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు చాలు. ఇంటి వసారాలో అయినా సరే. ఆ తర్వాత వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే మూడు నెలలకు అరగంట నడక చాలామందికి అందుతుంది. అందకపోతే నష్టం లేదు. పది నిమిషాల దగ్గర ఆగినా, ఏమీ నడవని రోజుకంటే అది మేలే.

వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట కూడా రాకపోతే తగ్గించాలి.

కండకు బలం కోసం మూడు పనులు చాలు. కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా లేవడం, మళ్లీ కూర్చోవడం, ఎనిమిది నుంచి పది సార్లు. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, పది సార్లు. అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడిచి చాచడం, పది సార్లు. వారంలో రెండు రోజులు, మధ్యలో ఒకటి రెండు రోజులు విడిచి చేయాలి.

వేళ చూసుకోవడం ముఖ్యం. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండ ఆరోగ్యవంతులకే కష్టం. తెల్లవారుజామున లేదా పొద్దు వాలాకే నడవాలి. రోడ్డు మీద నడవడానికి వెనకాడే ఆడవాళ్లకు మేడ మీద, పెరట్లో, అదీ లేకపోతే రెండు గదుల మధ్య నడక సరిపోతుంది. ఇల్లు ఊడవడం, అంట్లు తోమడం, బట్టలు ఆరేయడం కూడా కదలికే. అయితే వంచిన నడుముతో గంటసేపు చేసే పనిని మూడు ముక్కలు చేసుకోవాలి.

చదువుకున్న మనిషి అయినా, కాకపోయినా ఒక చిన్న నోటుపుస్తకంలో రోజూ గుర్తు వేసుకోవాలి. ఎన్ని నిమిషాలు నడిచారు, నడక ముందు అలసట పదికి ఎంత, తర్వాత ఎంత. రెండు వారాలు గడిచాక ఆ అంకెలు చూసుకుంటే, "నాకేం మార్పు లేదు" అనుకున్న మనిషికే మార్పు కనిపిస్తుంది.

ఎప్పుడు ఆగాలి?

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన భాగం. బ్లడ్ క్యాన్సర్ వారికి మిగతా క్యాన్సర్ల కంటే కొన్ని అదనపు జాగ్రత్తలు అవసరం.

ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు బరువులు ఎత్తకూడదు, పడిపోయే అవకాశం ఉన్న పని చేయకూడదు. ఎంత తగ్గితే ఆపాలో డాక్టరుతో అంకె రాయించుకోవాలి. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు జనసమ్మర్దంలో, దుమ్ములో నడవకూడదు. మైలోమా వారి ఎముకలు పెళుసుగా ఉంటాయి. వారు బస్తాలు ఎత్తడం, నడుము మెలిపెట్టడం, దూకడం చేయకూడదు. వెన్నులో కొత్తగా నొప్పి వచ్చినా, కాళ్లు బలహీనపడినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు ఉత్త కాళ్లతో నడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా, మేకు దిగినా తెలియదు. మడమ దగ్గర పట్టు ఉన్న బూట్లు కావాలి, హవాయి చెప్పులు సరిపోవు. గుండెకు ఇబ్బంది కలిగించే మందులు తీసుకున్నవారు గుండె ఎకో పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో అడగాలి.

నడుస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, ఎక్కడినుంచైనా రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఆపాలి, ఆలస్యం లేకుండా వైద్యసాయం పొందాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే ఇంట్లో మాత్ర వేసుకుని తెల్లవారే దాకా చూడకూడదు. ముఖ్యంగా ఇంకా మందులు వాడుతున్నవారు, మజ్జ మార్పిడి అయినవారు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రతి రోగి ఇంట్లో ఒక థర్మామీటరు ఉండి తీరాలి. ఎవరో చెప్పిన చెట్టు మందులు డాక్టరుకు తెలియకుండా కలపకూడదు.

మనసుకు నేర్పవలసిన పాఠాలు

చికిత్స ముగిసినవారిని ఎక్కువగా వేధించేది "మళ్లీ వస్తుందేమో" అన్న భయం. చెకప్‌కు వారం ముందు నుంచి నిద్ర ఉండదు. ఆ భయం పిరికితనం కాదు. ఒకసారి నిప్పు మీద కాలు వేసిన మనిషికి ఉండేదే. దాన్ని లేకుండా చేయలేం, కానీ దానితో కలిసి బతకడం నేర్చుకోవచ్చు. నిపుణులు నేర్పే పద్ధతుల్లో కొన్ని ఇవి.

మొదటిది ఊపిరి. వెన్ను ఆనించి కూర్చుని, నాలుగు లెక్కపెట్టే దాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలాలి. ఐదు నిమిషాలు, రోజుకు రెండు సార్లు. భయం పుట్టినప్పుడే కాకుండా మామూలు రోజుల్లో కూడా చేస్తే అవసరమైనప్పుడు ఉపయోగపడుతుంది.

రెండోది ఒళ్లు వదులు చేయడం. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని కొద్దిసేపు బిగించి వదలాలి. పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, ముఖం. నిద్రకు ముందు ఇది మంచి సాధన.

మూడోది శక్తిని పొదుపుగా వాడుకోవడం. జీతం మొదటి వారంలోనే ఖర్చుపెడితే నెలాఖరుకు ఇబ్బంది. శక్తి కూడా అంతే. కాస్త బాగున్న రోజున ఇల్లంతా సర్ది, తర్వాత మూడు రోజులు మంచాన పడడం చాలామంది చేసే పని. బాగున్న రోజున కూడా పని మధ్యలో ఆగాలి. బాగోలేని రోజున కూడా కొంచెం కదలాలి.

నాలుగోది ఆలోచనను పరీక్షించడం. "మోకాలు నొప్పిగా ఉంది, జబ్బు తిరిగి వచ్చింది" అని మనసు అంటుంది. కాగితం మీద రాసి, పక్కన అడగాలి: నిన్న ఏం పని చేశాను? ఈ నొప్పి ఎన్నాళ్లుగా ఉంది? డాక్టరు ఏ లక్షణాలు చెప్పమన్నారు? అవి ఉంటే ఫోన్ చేయాలి, లేకపోతే రెండు రోజులు గమనించాలి. రాసిన భయం చిన్నదవుతుంది.

ఐదోది నిద్ర. పగటి నిద్ర అరగంట దాటకూడదు. రాత్రి ఒకే వేళకు పడుకుని, ఉదయం ఒకే వేళకు లేవాలి. పడుకునే ముందు ఫోన్‌లో జబ్బు గురించిన వీడియోలు చూడడం మానాలి.

ఆరోది మాట. మన ఇళ్లలో మగవాళ్లు భయాన్ని బయట పెట్టరు. ఆడవాళ్లు పిల్లలు బెంగపడతారని దాస్తారు. జబ్బు పేరు బయటపడితే సంబంధాలు చెడిపోతాయని కొందరు చెప్పరు. బ్లడ్ క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. ఈ మాట రోగికంటే ముందు చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పాలి. దిగులు రెండు వారాలకు మించి ఉండి, తిండి, నిద్ర, పని ఏదీ సాగకపోతే, లేదా బతకాలని లేదన్న మాట నోట వస్తే వెంటనే సాయం కోరాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది.

బడికి తిరిగి వచ్చిన పిల్లలు

ఉపాధ్యాయుడిగా ఈ భాగం నా మనసుకు దగ్గరిది. ల్యుకేమియా చికిత్స మధ్యలో లేదా తర్వాత పిల్లవాడు బడికి వస్తాడు. జుట్టు ఇంకా సరిగా రాదు. స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బి ఉంటుంది. తోటివాళ్లు రెండు తరగతులు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. కొందరికి చదివింది గుర్తుండడం, లెక్కలు చేయడం నెమ్మదిస్తుంది. అది సోమరితనం కాదు, చికిత్స ప్రభావం కావచ్చు.

బడి చేయగల పనులు చాలా ఉన్నాయి. పిల్లవాడు రాకముందే తరగతికి రెండు మాటలు చెప్పాలి. మొదటి నెల సగం పూట రానివ్వాలి. మెట్లు ఎక్కనవసరం లేని గదిలో కూర్చోబెట్టాలి. ఆటల పీరియడ్‌లో "నువ్వు పక్కన కూర్చో" అనడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే నష్టం. పరుగు వద్దన్నా నడక, బంతి విసరడం, అందుకోవడం చేయించవచ్చు. ఏది వద్దో డాక్టరుతో రాయించి తెమ్మని తల్లిదండ్రులను అడగాలి. కుంటుతున్నా, తుంటి లేదా మోకాలు నొప్పి అన్నా తేలికగా తీసుకోకుండా ఇంటికి కబురు చేయాలి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వస్తే ఆ రోజే తల్లిదండ్రులకు చెప్పాలి. చికిత్సలో ఉన్న పిల్లలకు అవి ప్రమాదకరం.

నమాజు, ఉపవాసం

మన ఇళ్లలో తరచుగా వచ్చే ప్రశ్న ఇది. అనారోగ్యంతో ఉన్నవారికి ఉపవాసం విషయంలో వెసులుబాటు ఉందని మనకందరికీ తెలుసు. అయినా పెద్దవారు కొందరు రంజాన్‌లో ఎవరికీ చెప్పకుండా మాత్రల వేళలు మార్చేస్తారు. రోజూ వేసుకోవలసిన మాత్ర మానితే జబ్బు తిరగబెట్టవచ్చు. నీళ్లు తగ్గితే కొన్ని మందులు మూత్రపిండాల మీద భారం వేస్తాయి. ఉపవాసం ఉండవచ్చా లేదా అనేది రంజాన్‌కు ముందే డాక్టరుతో, తర్వాత మసీదులో పెద్దలతో మాట్లాడుకోవాలి. కాళ్లలో తిమ్మిరి, మైలోమా వల్ల వెన్నునొప్పి ఉన్నవారు కుర్చీ మీద నమాజు చేసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. సజ్దా నుంచి లేస్తూ తూలి పడితే ఎముక విరగవచ్చు.

తోడు మనిషి చేసే పని

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పై సలహాలన్నీ కాగితం మీద రాసి రోగి చేతికి ఇస్తే వారం తర్వాత అది గూట్లో ఉంటుంది. వారం వారం అడిగే మనిషి ఉంటేనే అది అమలవుతుంది. ఆ మనిషి డాక్టరు కానవసరం లేదు. రిటైరైన ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, డిగ్రీ చదివే అమ్మాయి, ఒకప్పుడు ఈ జబ్బు నుంచే కోలుకున్న వ్యక్తి, ఎవరైనా కావచ్చు. ఆడవారికి ఆడవారు తోడుగా ఉంటే మాట తేలికగా సాగుతుంది.

ఒక ఫోన్ సంభాషణ ఇలా ఉంటుందనుకుందాం.

"సలాం ఖాలా, ఈ వారం ఎన్ని రోజులు నడిచారు?"

"మూడు రోజులే బేటీ. గురువారం చుట్టాలు వచ్చారు. తర్వాత ఒళ్లు లేవలేదు."

"మూడు రోజులు నడిచారు కదా, మంచిదే. పోయిన వారం రెండే. గురువారం ఎంతసేపు వంటింట్లో నిలబడ్డారు?"

"పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా."

"అయితే ఈసారి కూరగాయలు కూర్చుని తరగండి. రొట్టెలు కోడలు చేస్తుంది. రేపు పది నిమిషాలు వద్దు, ఏడు నిమిషాలే నడుద్దాం. జ్వరం, రక్తం కారడం లాంటివి ఏమైనా ఉన్నాయా?"

ఇందులో తిట్టడం లేదు, ఉపన్యాసం లేదు. జరిగింది అడగడం, దానిలో మంచిని గుర్తించడం, అడ్డంకి కనుక్కోవడం, వచ్చే వారానికి అందేటంత చిన్న పని ఒప్పుకోవడం, ప్రమాద సంకేతాలు విచారించడం. ఈ ఐదు పనులే శిక్షణ. ఇరవై నిమిషాలు చాలు. మొదటి మూడు నెలలు వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి. మందుల మోతాదు గురించి, జబ్బు తిరిగి వస్తుందా రాదా అన్న దాని గురించి తోడు మనిషి ఎప్పుడూ చెప్పకూడదు. "అది డాక్టరుగారిని అడుగుదాం, ప్రశ్న రాసుకోండి" అనాలి. రోగి చెప్పిన మాట మూడో మనిషికి చేరకూడదు.

దాతలకు విన్నపం

డోర్నకల్ 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. జిల్లా మారినా పెద్ద వైద్యానికి రైలెక్కి హైదరాబాదు వెళ్లడం మారలేదు. అదృష్టవశాత్తు జంక్షన్ ఊరు మనది. రైల్వే క్యాన్సర్ రోగులకు చికిత్సకే కాక, తర్వాతి చెకప్‌లకు కూడా రాయితీ ఇస్తుంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి చార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తెచ్చుకోవాలి. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక పూర్తి చార్జీ పెట్టుకుంటున్నాయి, లేదా చార్జీలకు భయపడి చెకప్ మానేస్తున్నాయి. ఆ పత్రం ఇప్పించడమే ఒక సాయం.

మన సొసైటీ వంటి సంస్థలు ఇకపై ఒక రోగికి సాయం మంజూరు చేసేటప్పుడు చికిత్స తర్వాతి ఏడాదిని కూడా అందులో కలపాలని నా విన్నపం. దానికి అయ్యే ఖర్చు ఆసుపత్రి బిల్లుతో పోలిస్తే చాలా తక్కువ. ఒక థర్మామీటరు, ఒక జత మంచి బూట్లు, నోటుపుస్తకం, ఫిజియోథెరపిస్టు దగ్గరకు ఒకటి రెండు సార్లు వెళ్లే ఖర్చు, చెకప్‌కు దారి ఖర్చులు, మందు ఒక్క రోజు కూడా ఆగకుండా చిన్న నిధి, చదువు మధ్యలో ఆగిన పిల్లవాడికి ట్యూషన్ ఫీజు. వీటికి డబ్బు కావాలి. వారానికి ఇరవై నిమిషాల ఫోన్‌కు డబ్బు అక్కరలేదు, సమయం కావాలి. ఏ మతం వారైనా, ఏ వాడ వారైనా ఈ తోడు అందరికీ అందాలి.

డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బు ఇవ్వండి. సమయం ఇవ్వగలిగినవారు పేరు నమోదు చేయించుకోండి. వాడకు ఒకరు చొప్పున నలుగురైదుగురు ముందుకు వస్తే చాలు, చికిత్స పూర్తి చేసుకుని ఈ ఊరికి తిరిగి వచ్చే ప్రతి మనిషికీ వారం వారం "ఈ వారం ఎన్ని రోజులు నడిచారు?" అని అడిగే ఒక గొంతు ఉంటుంది.